నీది యేం స్టాకు?

పోయిన వారం కథలో నన్ను దొరస్వామి షెడ్డు గుమ్మంలో నిలబెట్టి, చేతికి పెన్ను ఇప్పించి, అక్కడే వదిలేసి పోయాను. తప్పే. వారం పొడుగునా ఉత్తరాలు వచ్చి పడ్డాయి. మదనపల్లె నుంచి ఒకామె "సంతకం పెట్టేసినావా ఏంది తల్లీ, నాకు అన్నం సయించడంలేదు" అని కార్డు రాసింది. పుత్తూరు నుంచి ఒక పెద్దాయన, ఆడపిల్ల కాస్త తగ్గి మాట్లాడి ఉంటే గొడవ అంతటితో పోయేది కదా అని ఇన్‌లాండు లెటరు మడతల్లో కూడా ఖాళీ లేకుండా రాశాడు. ఆయనకు ఈ వారం ఇంకా కడుపు మండుతుంది. మండనీ.

కొత్తగా చదివేవాళ్ళకు సంగతి చెబుతాను. ఇది డెబ్బై తొమ్మిది, కార్తీకమాసం నాటి మాట. మాది చిత్తూరుకూ దామలచెరువుకూ మధ్యలో ఊరు. నా పేరు మునిలక్ష్మి. మా నాయన మునిరామయ్య ముప్పై ఏళ్ళు మామిడి అంట్లు కట్టాడు. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక ఆ పని నేను అందుకున్నాను. టెంక నాటి మొలిపించిన మొక్కను కుండీతో సహా తీసుకుపోయి, మంచి చెట్టు కొమ్మ పక్కన పెట్టాలి. రెండింటికీ కత్తితో చెక్కు తీసి, ఆ చెక్కులు ఒకదానికొకటి ఆనేట్టు అరటినారతో బిగించి కట్టాలి. రెండు మూడు నెలలకు అతుక్కుంటాయి. అప్పుడు కింది మొక్క తలా, పై కొమ్మ మొదలూ కోసేస్తే వేరు ఒకరిది, కాపు ఇంకొకరిది అవుతుంది. అదీ అంటు. కింద ఉండే ఆ టెంక మొక్కనే నర్సరీల్లో స్టాకు అంటాం.

ఈ పనికి వాడే కత్తి ఎవరికి వాళ్ళు కొనుక్కునేది కాదు. మా పక్క నర్సరీలన్నిటికీ ఒక సంఘం ఉంది. కాణిపాకం పోయి, తడిగుడ్డలతో వినాయకుడి ముందు నిలబడి, దొంగ అంటు కట్టను సామీ అని ప్రమాణం చేస్తే సంఘం పెద్ద కత్తి చేతికిస్తాడు. దొంగపని చేసినట్టు తేలితే ఆ కత్తిని నలుగురి ముందూ ఆయన చేతిలో తిరిగి పెట్టాలి. దాన్ని కత్తి దించడం అంటారు. కత్తి దించిన మనిషిని చిత్తూరు నుంచి రేణిగుంట దాకా ఏ తోటలోనూ కొమ్మ ముట్టుకోనివ్వరు. నాకు కత్తి ఇచ్చింది ఆ ఏడు ఆషాఢంలో. ఆడదాని చేతికి ఇవ్వడం అదే మొదటిసారి.

నాలుగు నెలలు గడిచాయో లేదో, దించమంటున్నారు. దొరస్వామి నర్సరీ నుంచి కోలారు పక్క ఒక ఎస్టేటుకు ఆరు నూర్ల బేనీషా, అంటే బంగినపల్లి మామిడి, అంట్లు పోయాయి. వాటిలో రెండు నూర్లు లారీలో వెనక్కి వచ్చాయి. ఆకు నలిపి వాసన చూస్తే బేనీషా వాసన లేదట. ఏదో నాటుచెట్టు కొమ్మ తెచ్చి కట్టేశానని నా మీద కాగితం రాశారు. సంతకం పెట్టి, కత్తి దించి పొమ్మన్నారు.

షెడ్డులో నలుగురున్నారు. నర్సరీ ఓనరు దొరస్వామి. సంఘం పెద్ద వరదయ్య మామ. మొక్కలు వెనక్కి తెచ్చిన ఎస్టేటు మేనేజరు శాంతయ్య. ఎస్టేటు వాళ్ళ ఇంగ్లీషు ఉత్తరం చదివి పెట్టడానికి పిలిచిన చంద్రకాంతమ్మ టీచరు. మా నాయన లోపలికి రాలేదు. బయట, వెనక్కి వచ్చిన కుండీల వరసల పక్కన, తలమీద తువ్వాలు వేసుకుని గొంతుక్కూర్చున్నాడు.

"పెట్టు పాపా," అన్నాడు వరదయ్య మామ. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తనే. "పొద్దెక్కతా ఉండాది. సంతకం పెట్టి కత్తి ఈడ పెట్టేస్తే నిన్ను ఎవురూ ఒగ మాట అనరు. నేనుండాను గదా." అంటూనే కుడిచెయ్యి చాపి, అరచెయ్యి పైకి పెట్టి, మేజా మీద ఆనించాడు. కత్తి కోసం.

నేను పెన్నుకు మూత పెట్టాను. దాన్ని చంద్రకాంతమ్మ టీచరు ముందు పెట్టాను.

"పెట్టను మామా."

"ఏమ్మే!" దొరస్వామి కుర్చీలోంచి సగం లేచాడు. "రెండు నూర్ల మొక్కలు లారీ యెక్కి వొచ్చి నా పరువు తీసినాయి. నువ్వు పెట్టనంటే అయిపోతాదా? టీచరమ్మా, ఆ ఉత్తరం మళ్ళా సదువు. ఈమెకు సెవుల్లో పడేట్టు సదువు."

టీచరు కళ్ళజోడు సర్దుకుని చదివి, తెలుగులో చెప్పింది. మీరు పంపిన స్టాకులో మూడో వంతు నాసిరకంగా ఉన్నది, మీ మాట నమ్మి మోసపోయాము, అని.

"ఇన్నావా? స్టాకు నాసిరకం!" దొరస్వామి మేజా మీద గుద్దాడు. "కింద వేసిన టెంకలు నావి. తల్లిచెట్లు నావి. నీళ్ళు నావి. నాసిరకం యాడి నుంచి వొచ్చినట్టు? కట్టిన సేతిలోంచి వొచ్చింది. ఆడది కత్తి పట్టినప్పుడే అనుకుంటి. అసలు నీది యేం స్టాకు మే? మీ తాత బండలు కొట్టినోడు. మీ నాయన నా తోటలో కూలికి కట్టినోడు. నువ్వొచ్చి సంఘంలో సమానంగా నిలబడుకోని పెట్టను అంటావా? గమ్మున కత్తి దించి పో."

నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితం మీద రాసిన అబద్ధానికి కూడా అంత మండలేదు. మా తాతను లాగడం ఎందుకు? నాయనను బయట కూర్చోబెట్టి ఆయన వినేట్టు ఆ మాట అనడం ఎందుకు? ఆ మాటే వాడకుండా ఇంకేదన్నా తిట్టి ఉంటే నేను ఏడ్చి ఉండేదాన్నేమో. కానీ స్టాకు అన్నాడు. ఆ మాట సంగతి నాకు తెలుసు. ఆ షెడ్డులో టీచరు తర్వాత నాకే ఎక్కువ తెలుసు.

ఎట్లా తెలుసంటే, రెండేళ్ళ కిందట చంద్రకాంతమ్మ టీచరు నిమ్మమొక్క కోసం మా దగ్గరికి వచ్చింది. చిత్తూరులో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నేను కుండీల్లో మట్టి నింపుతూ అడిగాను, టీచర్, ఈ స్టాకు అనే మాట నన్ను యాడికి పోయినా వదలదు, ఎందుకు అని. నర్సరీలో కింది మొక్క స్టాకు. రేషను షాపుకు పోతే పలక మీద స్టాకు లేదు అని రాసి ఉంటుంది, చక్కెరైనా కిరసనాయిలైనా అదే పలక. పశువుల డాక్టరు రూములో గోడమీద ఇంగ్లీషు పటంలో ఆవు బొమ్మ కింద లైవ్‌స్టాకు అని అదే మాట. పేపర్లో బొంబాయి షేర్ల వార్త చూస్తే అక్కడా అదే. ఆమె నవ్వి పోయింది. వారం తర్వాత రిక్షాలో ఇటుకరాయి కన్నా లావు డిక్షనరీ వేసుకుని వచ్చింది.

ఆ మధ్యాహ్నం పని ఆగిపోయింది. ఆ మాటకు పేజీ అంతా అర్థాలే, తిప్పితే వెనక కూడా అవే. టీచరు వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. చివరికి పైకి పోయి, అన్నిటికన్నా పాతది చూపించింది. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను చెట్టు మొద్దుకు వాడేవాళ్ళట. బోదె, మొద్దు, దుంగ. అంతే. ఆ మొద్దు నుంచే మిగతావన్నీ పుట్టాయి. మొద్దు నుంచి కొమ్మలు వచ్చినట్టు వంశం వచ్చింది కాబట్టి వంశానికీ ఆ పేరే పెట్టారు. మొద్దుతో చేసింది కాబట్టి తుపాకీ కట్టెకూ, దొంగల కాళ్ళు ఇరికించే బొండకొయ్యకూ పెట్టారు. దాచిపెట్టిన సరుకుకు ఎందుకు పెట్టారో మటుకు పండితులే తలో మాట అంటున్నారట. "తెలీనిది తెలీదనే చెప్పాల మునీ," అంది టీచరు. ఇంకో అర్థం కూడా ఉంది, తెలివిలేని మనిషి అని. వాళ్ళకూ మనకూ అదొక్కటి సరిగ్గా కలిసింది. బడిలో ఎడమచేత్తో రాస్తున్నానని అయ్యవారు నన్ను మొద్దు మొహమా అని తిట్టేవాడు. ఆ రోజు డిక్షనరీ ముందు కూర్చుని నేను కడుపుబ్బ నవ్వాను. అయ్యవారు ఎంత పెద్ద మాట అన్నాడో ఆయనకే తెలీదు.

సరే, షెడ్డులోకి వస్తాను.

"దొరస్వామన్నా," అన్నాను. "స్టాకు అడిగినావు గదా, చెప్తా ఇను. నీ కొట్టంలో ఎరువు మూటలు పేర్చిండావే, అది స్టాకు."

"అది నాకు తెలీదా?"

"నీ ఆవుల్ని తోలకపోతావే డాక్టరు దగ్గిరికి, ఆడ గోడ మీద ఉండేదీ అదే. మీ ఇంట్లో గోడకు తగిలించిండే తుపాకీ, భుజానికి ఆనించే కట్టె ఉంటాదే, దాన్నీ అదే అంటారు. ముందు కాలంలో దొంగోడి కాళ్ళు ఇరికించే బొండకొయ్యనూ అదే అనేవోళ్ళు. ఔనా కాదా టీచర్?"

"ఔను," అంది చంద్రకాంతమ్మ టీచరు. పెదవి బిగించి నవ్వు ఆపుకుంటోంది.

"ఈడ పంచాయితీనా, ఇంగ్లీషు పాఠమా?" అన్నాడు దొరస్వామి.

"నువ్వు మొదులుపెట్టిన పాఠమే. వంశాన్ని కూడా అదే మాట అంటారు, నువ్వు నన్ను అడిగింది ఆ స్టాకు. ఇవన్నీ యాడి నుంచి వొచ్చినాయో తెలుసునా? చెట్టు మొద్దులోంచి. పైనంతా నరికేసినా నేలలో కాలూనుకోని ఉంటాదే, దాంట్లోంచి. నా స్టాకు యేందంటివి గదా. అదో, బయట తువ్వాలేసుకోని కూసోనుండాడు. ఆయనే నా స్టాకు. నీ తోటలో కాసే ప్రతి చెట్టుకూ కట్టు కట్టింది ఆ చెయ్యే. ముప్పై ఏండ్లలో ఒగ దొంగ అంటు కట్టలేదు. మా తాత బండ కొట్టినాడు, నిజమే. నీ బావికి రాతికట్టు కట్టింది ఆయనే, పోయి సూసుకో, ఒగ రాయి కదిల్లేదు. అట్లాంటి స్టాకు మాది. నాసిరకం అనే నోరుంటే బయటికి పోయి మా నాయన ముఖం సూసి అను!"

నేను బయటికి చూశాను. నాయన తల ఇంకా కిందికి వంచుకున్నాడు. పొగిడితే సిగ్గుపడే మనిషి. అందుకే అనుకున్నాను.

"శానా బాగా మాట్లాడినావు పాపా," అన్నాడు వరదయ్య మామ. అరచెయ్యి మేజా మీద అట్లానే ఉంది. "అయితే మాటలతో మొక్క మారదు గదా."

"మారదు. అందుకే ఇంగొగ మాట అడగతా. నేను కట్టింది నాలుగు నూర్లు. లారీ యెక్కింది ఆరు నూర్లు. మిగతా రెండు నూర్లు యాడివి?"

దొరస్వామి విసుక్కున్నాడు. "సర్దుబాటు! నీకు తెలీదా? ఒగరి కాడ తక్కువొస్తే పక్క తోటల్నుంచి సంఘం సర్దతాది. మా తాతల కాలం నుంచీ ఉండే అలవాటే."

"యే తోట నుంచి సర్దినారు?"

"నాలుగైదు తోటల్లోంచి తెచ్చి కలిపినాంలే పాపా," అన్నాడు వరదయ్య మామ. "యాడియాడివో ఇప్పుడెవురికి గుర్తుంటాది."

"నన్ను కాణిపాకం తోలకపోండి. ఇప్పుడే పోదాం. తడిగుడ్డతో మళ్ళా చెప్తా, ఇవి నేను కట్టలేదని."

"ఇట్లాంటి దాంట్లోకి దేవుణ్ణి ఎందుకులేమ్మా," అన్నాడాయన.

అప్పటిదాకా నోరు తెరవని శాంతయ్య గొంతు సవరించుకున్నాడు. "అప్పా, నాకు మధ్యాహ్నానికి లారీ తిప్పుకోని పోవాల. ఈ పాప కట్టిందా, ఇంకొకరు కట్టినారా, తెలుసుకునేదానికి దారి ఏమీ లేదా?"

ఉంది. మా పనిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ దారి తెలుసు. కోపంలో నాకు ముందు తట్టలేదు. కట్టు చూస్తే చెయ్యి తెలుస్తుంది. ఒక్కొక్కరు నారను ఒక్కోలా తిప్పుతారు. నాది ఎడమచేతి వాటం. నేను కడితే నార ఎడమవైపుకు తిరిగి పైకి పోతుంది. ఈ చుట్టుపక్కల ఎడమచేత్తో కట్టేది నేనొక్కదాన్నే.

"కట్టు సూడండి," అన్నాను. "ఎడంపక్కకు తిరిగుంటే నాది. ఈడే కత్తి దించి పోతా. కుడిపక్కకు తిరిగుంటే నాది కాదు."

"ఇప్పుడు కట్లు కెలికితే మొక్కలు సస్తాయి పాపా," అన్నాడు వరదయ్య మామ.

"వెనక్కి తెచ్చిన మొక్కలే కదప్పా, చస్తే చావనీ," అన్నాడు శాంతయ్య.

నేను బయటికి పోయి వరసలోంచి మూడు కుండీలు ఎత్తుకున్నాను. నాయన నా కొంగు పట్టుకుని ఆపాడు. "విప్పొద్దులేమ్మా," అన్నాడు, నాకు మటుకే వినపడేంత మెల్లగా. పచ్చి మొక్కను పాడుచేయడం ఆయనకు ఎప్పుడూ ఇష్టం ఉండదు. "నీ పరువు కోసమే నాయనా," అని కొంగు లాక్కుని లోపలికి వచ్చాను.

మూడు కుండీలూ మేజా మీద, వరదయ్య మామ చేతి పక్కనే పెట్టాను. దొరస్వామి వంగి చూశాడు. ఆయన నోరు చెడ్డదే కానీ కన్ను పాడు కాలేదు. మొదటి దాన్ని చూశాడు. రెండోది తిప్పి చూశాడు. మూడోదాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"కుడిపక్కే," అన్నాడు చివరికి. "మూడూ కుడిపక్కే. ఇవి ఈమెవి కాదు వరదయ్యన్నా."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. చంద్రకాంతమ్మ టీచరు సంతకం కోసం పెట్టిన కాగితాన్ని నాలుగు మడతలు వేసి డిక్షనరీ మోసే సంచిలో పెట్టుకుంది. పుత్తూరు పెద్దాయనా, ఇక్కడ నేను తగ్గి ఉంటే ఏమయ్యేదో చూసుకోండి. అక్కడితో ఆగి, మర్యాదగా ఇంటికి పోయి ఉండవచ్చు. ఆగలేదు. నేను గెలిచినప్పుడు ఆగడం చేతకాని మనిషిని.

"అట్లైతే ఇంత దొంగపని చేసిన చెయ్యి ఎవురిదో కూడా తేలాల," అన్నాను. "యే చెట్టు కొమ్మ తెచ్చి కట్టినాడో అతుకు చూస్తే తెలిసిపోతాది." మొదటి కుండీ కట్టును కత్తి మొనతో నిలువునా కోసి, నార ఊడదీశాను.

అతుకు లేదు.

చెక్కు ఉంది. ఒక పక్కన కత్తితో పైపైన గీరి, మానడానికి వదిలేసిన గాటు. దానికి ఎదురుగా ఇంకో కొమ్మ లేదు. పైనుంచి కింది దాకా ఒకటే కాడ. టెంక మొక్కకు ఉత్త కట్టు కట్టి అంటు అని లారీ ఎక్కించారు. నేనూ, దొరస్వామీ, శాంతయ్యా తప్పు కొమ్మ అనుకుంటూ పొద్దున్నుంచీ కొట్టుకున్నాం. అసలు కొమ్మే లేదు. అది ఉత్త స్టాకు. దాని మీద ఎవరూ లేరు.

"ఓరి నాయనో," అన్నాడు దొరస్వామి. కుర్చీలో కూలబడ్డాడు. "ఇది అంటే కాదు. ఇట్లాంటి పని ఈ పక్క ఎవుడూ చెయ్యలేదే. ఎవురి చెయ్యి మే ఇది? సూసి చెప్పు, వాణ్ణి నేనే బండకేసి కొడతా."

రెండోదాన్ని కొయ్యలేదు. నార కొస ఎక్కడ దోపారో వెతికి, గోటితో మెల్లగా పైకి తీశాను. కొస బయటికి వచ్చింది. ఒకటి కాదు, రెండు. నార కొసను నిలువునా చీల్చి, ఒక పాయను పైకీ ఒక పాయను కిందికీ దోపి ఉంది.

నాకు ఏడేళ్ళప్పుడు నాయన బొటనవేలు కత్తికి సగం తెగింది. అప్పటినుంచి ఆయన నార కొసను ఆ వేలితో బిగపట్టి దోపలేడు. అందుకని కొసను పంటితో చీల్చి రెండు పాయలు చేసి, చెరో పక్కా దోపుతాడు. నేను ఆయన పక్కన కూర్చుని ఆ చప్పుడు వింటూ పెరిగాను. లోకంలో ఇంకెవరూ అట్లా కట్టరు. కట్టే అవసరం ఇంకెవరికీ లేదు.

మూడోది తీశాను. రెండు పాయలు.

ఇప్పుడే కదా, ఆయనే నా స్టాకు అని అరిచాను. ముప్పై ఏళ్ళలో ఒక దొంగ అంటు కట్టలేదని ఊరంతా వినేట్టు చెప్పాను. నేల చీలి లోపలికి పోవాలనిపించింది. ఆయన మీద కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువ జాలి వేసింది. విప్పొద్దులేమ్మా అన్నది మొక్కల కోసం కాదు.

"చెప్పు పాపా," అన్నాడు వరదయ్య మామ. గొంతు ఇంకా మెత్తగా ఉంది. "నీకు తెలిసినట్టుండాది. ఎవురి చెయ్యి? పేరు చెప్తే వాడు దించతాడు. చెప్పకపోతే తెలిసీ దొంగను దాచినట్టే గదా, నువ్వే దించాల." అరచెయ్యి ఇంకా అట్లానే చాపి ఉంది.

నేను విప్పిన నార కొసలను అరచేత్తో కప్పేశాను.

గుమ్మంలో వెలుతురు తగ్గింది. నాయన వచ్చి నిలబడ్డాడు. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. మొలలో దోపుకున్న తన పాత కత్తి, పిడికి రాగితీగ చుట్టింది, బయటికి తీశాడు.

"నాదే," అన్నాడు. "ఆ చెయ్యి నాదే దొరస్వామీ. పాపకేం తెలీదు."

నాయన మేజా దాకా వచ్చాడు. వణికే చేత్తో కత్తిని వరదయ్య మామ అరచేతిలో పెట్టబోయాడు. నేను మధ్యలో నా చెయ్యి అడ్డం పెట్టాను. కత్తి పిడి నా వేళ్ళకు తగిలి ఆగింది.

"దించొద్దు నాయనా. ముందు చెప్పు. కట్టింది నువ్వు. కట్టమన్నది ఎవురు?"

"అదంతా ఎందుకులేమ్మా."

"ముప్పై ఏండ్లు దొంగ అంటు కట్టనోడివి ఇప్పుడు ఊరికే కట్టవు. కార్తీకానికి ముందు పదైదు దినాలు పొద్దున పోయి సాయంత్రం వొస్తివే. రొంత మట్టిపని ఉండాదని చెప్తివే. యాడికి పోతివి?"

నాయన కళ్ళు తుడుచుకోలేదు. నన్నే చూస్తూ చెప్పాడు. "నీకు కత్తి ఇచ్చింది సంఘంలో శానామందికి నచ్చలేదంటమ్మా. ఎట్లైనా దించేయాలని తిరగతా ఉండారంట. నీ కత్తి నీ చేతిలో నిలబడాలంటే ఈ రెండు నూర్లు కట్టిపెట్టు, మిగతాది నేను సూసుకుంటా అన్నాడు. ఈ ఒగసారికే అన్నాడు. నీ కత్తి కోసమే కట్టినానమ్మా. ఆ రెండు నూర్లు నీ మీదికే తిప్పతాడని నాకు తెలీదు."

చంద్రకాంతమ్మ టీచరు మడిచిపెట్టిన కాగితాన్ని సంచిలోంచి మళ్ళీ బయటికి తీసింది. వెనకవైపు తెల్లగా ఉన్నచోటు పైకి తిప్పి, పెన్ను మూత తీసింది. "ఎవరన్నారు మునిరామయ్యా? పేరు చెప్పు, రాసుకుంటాను."

"నేను చెప్పేదేముందమ్మా," అన్నాడు నాయన. "పొద్దున్నుంచీ కత్తి కోసం చెయ్యి చాపుకోని కూసోనుండాడే, ఆయన్నే అడగండి."

మేజా మీద ఆ అరచెయ్యి మొట్టమొదటిసారి కదిలింది. వేళ్ళు ముడుచుకున్నాయి. మెల్లగా వెనక్కి జరగబోయింది.

నేను నాయన కత్తిని కుడిచేత్తో అందుకుని, నా ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టుకున్నాను.

"ఉండు మామా," అన్నాను. "యాడికి? ఇంగా కత్తి ఇయ్యలేదు గదా."